పంటి మీద మచ్చ ఎక్కడిది?

అక్కలారా, అవ్వలారా!

ఈ పాఠం చదివే ముందు ఒక పని చేయండి. చిన్న అద్దం చేతికి తీసుకోండి. నోరు తెరిచి మీ పళ్ళు చూసుకోండి. తర్వాత మీ పిల్లల పళ్ళు చూడండి.

పళ్ళు ఏ రంగులో ఉన్నాయి?

కొందరి పళ్ళు పాలరంగులో నున్నగా ఉంటాయి. కొందరి పళ్ళ మీద సున్నం చిలకరించినట్టు తెల్లటి మచ్చలు ఉంటాయి. కొందరికి అడ్డంగా పసుపుపచ్చ గీతలు ఉంటాయి. కొందరికి ఆ గీతలు ముదిరి ఇటుక రంగుకో, కాఫీ రంగుకో తిరిగి ఉంటాయి. ఇంకా ముదిరితే పంటి మీద చిన్న చిన్న గుంటలు పడతాయి.

అనంతపురం సీమలో ఇట్లాంటి పళ్ళు చాలా ఊళ్ళలో కనిపిస్తాయి. చూసినవాళ్ళు ఏమంటారు? “ఆ పిల్ల పళ్ళు తోముకోదేమో” అంటారు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు “పిల్ల బాగుంది, పళ్ళే గార పట్టినాయి” అని చెప్పి పోతారు. పిల్లవాడి పళ్ళు అదే రంగులో ఉన్నా ఎవరూ అడగరు. ఆడపిల్ల మాత్రం నవ్వడం మానేస్తుంది. మాట్లాడేటప్పుడు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంటుంది.

ఆ పిల్ల తప్పు ఏమీ లేదు. అది గార కాదు. నీళ్ళ వల్ల వచ్చిన మచ్చ. దాని పేరు ఫ్లోరోసిస్. ఈ పేరు పలకడం కొంచెం కష్టం. రెండుసార్లు గట్టిగా చదవండి. ఫ్లో-రో-సిస్.

గార వేరు, మచ్చ వేరు

తిన్న తిండి పళ్ళ సందుల్లో మిగులుతుంది. దాని మీద కంటికి కనపడని క్రిములు పెరుగుతాయి. అదే పాచి. పాచి మెత్తగా ఉంటుంది. గోటితో గీకితే వస్తుంది. రోజూ తోమితే పోతుంది. తోమకపోతే ఎండి గట్టిపడి రాయి లాగా అంటుకుంటుంది. అదే గార. గార ఎక్కువగా చిగురు అంచున ఉంటుంది. కింది పళ్ళ లోపలి వైపు నాలుకతో తడిమి చూడండి, గరుకుగా తగులుతుంది. గార గోటికి రాదు. పళ్ళ డాక్టరు దగ్గర పరికరంతో తీయించుకోవాలి.

ఫ్లోరోసిస్ మచ్చ ఇట్లా పైన అంటుకున్నది కాదు. అది పంటి లోపల ఉంటుంది. ఎడమ వైపు ఏ పంటి మీద ఉంటుందో, కుడి వైపు కూడా అదే పంటి మీద చాలావరకు జోడుగా ఉంటుంది. దీన్నిబట్టి కూడా గుర్తుపట్టవచ్చు.

మా రాత్రి బడిలో ఈ మాట చెప్తే ఒక అవ్వ ఒప్పుకోలేదు.

“ఏం చెప్తావులే టీచరమ్మా! నా మనవరాలికి నేనే దగ్గరుండి కచ్చికతో తోమిస్తా. వారానికొకసారి ఇటుకపొడి కూడా పెడతా. ఈ మధ్య పిల్ల చల్లనీళ్ళు తాగితే జివ్వుమంటున్నాయి అంటుంది. మచ్చ మాత్రం పోలేదు.”

“పోదవ్వా. ధర్మవరం చీర తీసుకో. చీర మీద పులుసు పడితే ఉతికితే పోతుంది. నేసేటప్పుడే వేసిన రంగు దారం ఉతికితే పోతుందా?”

“ఎట్ల పోతుంది? చీర చినిగేదాకా ఉంటుంది.”

“ఇదీ అంతే. పన్ను తయారయ్యేటప్పుడే నేతలో పడిన మచ్చ ఇది. నువ్వు ఇటుకపొడితో రుద్దితే మచ్చ పోదు, పన్ను అరుగుతుంది. పన్ను పైపొర అరిగింది కాబట్టే పిల్లకు జివ్వుమంటోంది.”

అవ్వ కాసేపు మాట్లాడలేదు. తర్వాత “అయితే పిల్లను ఊరికే తిట్టినా” అంది.

పన్ను ఎప్పుడు తయారవుతుంది?

పిల్లలకు ఆరేళ్ళప్పుడు పాలపళ్ళు ఊడడం మొదలవుతుంది. తర్వాత కొత్త పళ్ళు వస్తాయి. అయితే ఆ కొత్త పళ్ళు ఆరేళ్ళప్పుడు పుట్టినవి కావు. బిడ్డ పుట్టినప్పటి నుంచే చిగురు లోపల, దవడ ఎముకలో తయారవుతూ ఉంటాయి. ముందు పళ్ళ పైపొర మొదటి నాలుగైదేళ్ళలోనే తయారైపోతుంది. మిగతా పళ్ళలో చాలావాటికి ఎనిమిదేళ్ళ లోపల అవుతుంది.

ఆ ఎనిమిదేళ్ళలో బిడ్డ తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువగా ఉంటే పైపొర సరిగా గట్టిపడదు. పన్ను చిగురులో నుంచి బయటికి వచ్చేటప్పటికే మచ్చతో వస్తుంది. మొదట తెల్లగా ఉన్న మచ్చ తర్వాత తర్వాత పసుపుకు, ఇటుక రంగుకు తిరుగుతుంది.

పన్ను తయారైపోయిన తర్వాత ఆ నీళ్ళు తాగినా కొత్తగా ఈ మచ్చ రాదు. అందుకే మంచినీళ్ళ ఊరి నుంచి వచ్చిన కోడలి పళ్ళు తెల్లగానే ఉంటాయి. ఆమెకు ఇక్కడ పుట్టిన బిడ్డలకు మచ్చలు వస్తాయి. ఒకే ఇంట్లో అక్కకు మచ్చలుండి, చెల్లెలికి లేకపోవచ్చు. ఎందుకు? చెల్లెలు పుట్టేటప్పటికి ఊరికి వేరే నీళ్ళు వచ్చి ఉంటాయి. మీ వీధిలో ఇట్లాంటి ఇళ్ళు ఉన్నాయేమో చూడండి.

ఈ ఫ్లోరైడ్ ఎక్కడి నుంచి వస్తుంది?

రాయిలో నుంచి వస్తుంది.

మనది వానలు లేని నేల. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడుతుంది. అది కూడా అన్ని ఏళ్ళూ పడదు. చెరువులు ఎండినాయి. బావులు ఎండినాయి. బోర్లు వేసినాము. వంద అడుగుల్లో పడిన నీళ్ళు తర్వాత మూడు వందలకు పోయినాయి. ఇప్పుడు వెయ్యి అడుగులు వేసినా పడని చోట్లున్నాయి. లోతున ఉన్న నీళ్ళు నల్లరాతి సందుల్లో ఏళ్ళ తరబడి నిలిచి ఉంటాయి. ఆ రాళ్ళలో కొన్నింటిలో ఫ్లోరైడ్ ఉంటుంది. అది మెల్లగా నీళ్ళలోకి కరుగుతుంది. కదిరి వైపు, ఉరవకొండ వైపు బోరు నీళ్ళను పరీక్షించినప్పుడు చాలా చోట్ల హద్దుకు మించి ఫ్లోరైడ్ కనిపించింది.

హద్దు ఎంత? లీటరు నీళ్ళలో ఒక మిల్లీగ్రాము. వేరే నీళ్ళు దొరకనే దొరకని చోట ఒకటిన్నర మిల్లీగ్రాము దాకా ఒప్పుకుంటారు. అంతకు మించకూడదు. ఒక మిల్లీగ్రాము అంటే ఎంతో లెక్క వేద్దాం. మనం నీళ్ళు తెచ్చుకునే క్యాను 20 లీటర్లు. అట్లాంటివి 50 క్యాన్లు వరసగా పెట్టండి. వెయ్యి లీటర్లు అయింది. ఆ వెయ్యి లీటర్లకూ కలిపి ఒకే ఒక్క గ్రాము. అదే హద్దు. ఇంత కొంచెం కాబట్టే కంటికి కనపడదు. వాసన రాదు. నాలుకకు రుచి తెలియదు. నీళ్ళు తేటగా, తియ్యగా ఉన్నా అందులో ఫ్లోరైడ్ ఉండవచ్చు.

మనకే వచ్చిన కష్టమా?

కాదు. అమెరికాలో కొలరాడో స్ప్రింగ్స్ అనే ఊరుంది. 1901లో ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర పళ్ళ డాక్టరు అక్కడికి వచ్చినాడు. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన వాళ్ళలో చాలామంది పళ్ళ మీద ఇటుక రంగు మచ్చలు ఉన్నాయి. ఎందుకో ఎవరికీ తెలియదు. కొందరు తిండి వల్ల అన్నారు, కొందరు పాల వల్ల అన్నారు. మెకే మాత్రం నీళ్ళను అనుమానించినాడు. ముప్ఫై ఏళ్ళు వెతికినాడు. చివరికి 1931లో నీళ్ళను పరీక్ష చేసిన ఒక రసాయన శాస్త్రవేత్త అది ఫ్లోరైడ్ అని తేల్చినాడు. చదువుకున్న డాక్టర్లకే అన్నేళ్ళు పట్టింది. మన అవ్వలకు తెలియకపోవడంలో వింతేముంది?

మన తెలుగు నేల మీద ఈ జబ్బు సంగతి 1937లో బయటికి వచ్చింది. అప్పుడు మనం మద్రాసు రాష్ట్రంలో ఉన్నాము. నెల్లూరు జిల్లాలోని కొన్ని ఊళ్ళలో పళ్ళ మీద మచ్చలే కాదు, నడుములు వంగని మనుషులు కూడా డాక్టర్లకు కనిపించినారు. ఫ్లోరైడ్ బాగా ఎక్కువున్న నీళ్ళు చాలా ఏళ్ళు తాగితే ఎముకల్లో కూడా చేరుతుంది. మోకాళ్ళు, మెడ, నడుము బిగుసుకుపోతాయి. ఆ తర్వాత నల్గొండ పేరు దేశమంతా తెలిసింది. పటిక, సున్నం వేసి నీళ్ళలో ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతిని 1970ల్లో నాగపూరు శాస్త్రవేత్తలు కనిపెట్టినారు. దానికి నల్గొండ పద్ధతి అనే పేరు పెట్టినారు. పేరు మనది, కష్టం కూడా మనదే.

అనంతపురంలో 1995, 96 సంవత్సరాల్లో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు పెద్ద నీటి పథకం కట్టించింది. ఏడు వందలకు పైగా ఊళ్ళకు పైపులు వేసినారు. 1999లో తపాలా శాఖ ఈ పథకం మీద స్టాంపు కూడా వేసింది. ఈ నీళ్ళు అందిన ఊళ్ళలో పిల్లలకు బోరు నీళ్ళ బాధ తగ్గుతుంది. అయితే పైపు పగిలినా, మోటారు కాలినా, కరెంటు లేకపోయినా కొళాయి రాదు. ఆ రోజు మళ్ళీ బోరు దగ్గరికే బిందె తీసుకుపోతాము. పథకం ఉంది కదా అని ఊరుకుంటే కుదరదు. రోజూ నీళ్ళు వస్తున్నాయా లేదా చూసుకోవాలి.

ఇంట్లో ఏం చేయాలి?

“టీచరమ్మా, నీళ్ళు కాచి తాగితే పోతుందా?” అని ఒక వదిన అడిగింది.

పోదు. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ చావదు, అది క్రిమి కాదు. నీళ్ళు ఆవిరైపోయి ఫ్లోరైడ్ మిగులుతుంది కాబట్టి కాచే కొద్దీ చిక్కబడుతుంది. గుడ్డతో వడకట్టినా పోదు. పటిక, సున్నం ఎంత వేయాలో నీళ్ళను పరీక్షించి లెక్క కట్టాలి. ఇంట్లో కంటి అంచనాతో వేయకూడదు.

వాన నీళ్ళలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. వాన పడినప్పుడు మొదటి జల్లు వదిలేసి, శుభ్రమైన మిద్దె మీది నీళ్ళు పట్టి మూత పెట్టుకోవచ్చు. మన సీమలో అవి ఎన్నాళ్ళు వస్తాయిలే అంటారేమో. నిజమే. అయినా వచ్చినన్నాళ్ళు చంటిబిడ్డకు వాడండి. తాగించే ముందు కాచండి.

ఆర్‌ఓ ప్లాంటులో ఫ్లోరైడ్ తగ్గుతుంది. అయితే ప్లాంటు లోపలి పొరలు వాడేకొద్దీ పాడవుతాయి. వాటిని మార్చాలి. “ఎప్పుడు మార్చినారు? నీళ్ళు ఎప్పుడు పరీక్ష చేయించినారు?” అని ప్లాంటాయనను అడగండి. డబ్బులిచ్చి కొంటున్నాము కదా, అడగడానికి సిగ్గెందుకు?

రోజుకు ఒక్క క్యానుకే డబ్బులు ఉన్నాయనుకోండి. ఆ నీళ్ళు ఎవరికి? ఎనిమిదేళ్ళ లోపు పిల్లలకు ముందు. తాగడానికి, వండడానికి రెండింటికీ. చాలామంది తాగడానికి మంచినీళ్ళు, వంటకు బోరు నీళ్ళు వాడతారు. అన్నం, సంగటి, పప్పు అన్నీ నీళ్ళను పీల్చుకుంటాయి. ఆ ఫ్లోరైడ్ కూడా కడుపులోకే పోతుంది. స్నానానికి, బట్టలకు, గిన్నెలు కడగడానికి బోరు నీళ్ళు వాడుకోండి, ఏమీ కాదు.

బాలింతలు ఈ మాట గుర్తు పెట్టుకోండి. తల్లి తాగే నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువున్నా తల్లిపాలలోకి చాలా కొంచెమే వస్తుంది. పొడి పాలను బోరు నీళ్ళలో కలిపి పడితే మాత్రం ఫ్లోరైడ్ అంతా బిడ్డకే. ఆరు నెలలు తల్లిపాలే పట్టండి. వేరే చుక్క నీళ్ళు కూడా వద్దు.

తిండి సంగతి. పాలు, పెరుగు, రాగి, జామకాయ, ఉసిరికాయ ఒంటికి మంచివి. మన చింతపండు కూడా ఊరికే పోలేదు. చింతపండు తిన్న పిల్లలకు మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోతోందని హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు 2002లో రాసినారు. పులుసు చేసుకోండి. అయితే పులుసు తింటున్నాము కదా అని చెడ్డ నీళ్ళు తాగకండి.

ఉన్న మచ్చకు వైద్యం ఉందా?

ఉంది. తేలిక మచ్చ అయితే పళ్ళ డాక్టరు పైపైన సానబట్టి, తెల్లబరిచే మందు పెట్టి తగ్గిస్తాడు. లోతు మచ్చ అయితే పంటి రంగు సిమెంటు పూస్తారు. లేకపోతే పంటి ముందు పలుచని పెంకు అతికిస్తారు. పెంకు అతికించడానికి డబ్బు ఎక్కువ అవుతుంది. బజారులో దొరికే తెల్లబరిచే పొడులు కొనవద్దు. వాటిలో చాలావరకు ఇటుకపొడి లాంటివే.

తెల్లటి తేలిక మచ్చలున్న పన్ను జబ్బు పన్ను కాదు. దానికి వైద్యం చేయించకపోయినా నష్టం లేదు. గుంటలు పడిన పన్ను మాత్రం పెచ్చులు ఊడవచ్చు. దాన్ని చూపించుకోవాలి.

నొప్పి పుడితే అది వేరే కథ

మచ్చకు నొప్పి ఉండదు. నొప్పి పుట్టింది అంటే పన్ను పుచ్చుతోంది, లేదా చిగురు చెడింది.

పన్ను పుచ్చడానికి పురుగు కారణం అని మన పెద్దలు అంటారు. వాకుడు గింజల పొగ పట్టి, నోట్లో నుంచి పురుగు రాలింది అని చూపించే వాళ్ళు కూడా ఉన్నారు. అక్కలారా, పంట్లో పురుగు ఉండదు. పొగకు పగిలిన గింజలో నుంచి వచ్చిన తెల్లటి మొలకను చూపి పురుగు అంటారు. నిజానికి జరిగేది ఇది. తీపి తింటాము. నోట్లో ఉన్న క్రిములు ఆ తీపిని తిని పులుపు వదులుతాయి. ఆ పులుపు పంటిని కరిగిస్తుంది. ఒకేసారి ఒక ఓళిగ తిని నోరు పుక్కిలిస్తే అంత నష్టం లేదు. పిల్లవాడు పొద్దంతా ఐదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్టు పట్టుకుని తిరిగితే పొద్దంతా పన్ను కరుగుతూనే ఉంటుంది. రాత్రి పాలసీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల ముందు పళ్ళు రెండేళ్ళకే నల్లబడి విరిగిపోతాయి.

పుచ్చు మొదట నల్ల చుక్కలా ఉంటుంది. నొప్పి ఉండదు. అప్పుడు పోతే డాక్టరు ఆ చెడినంత మేరకు గీకి సిమెంటు నింపుతాడు. ఒక్క పూట పని. ఖర్చు తక్కువ.

అప్పుడు పోము. నొప్పి లేదు కదా అనుకుంటాము. కొన్నాళ్ళకు చల్లనివి, తియ్యనివి తగిలితే జివ్వుమంటుంది. అప్పుడూ పోము. కలుపులు, కోతలు, చెనిక్కాయలు పీకే పని. తర్వాత ఒక రాత్రి నిద్ర పట్టనంత పోటు వస్తుంది. పుచ్చు పంటి నరం దాకా పోయిందన్నమాట. ఇప్పుడు సిమెంటు నింపితే చాలదు. చెడిన నరాన్ని తీసి, వేరు లోపల శుభ్రం చేసి, మందు నింపాలి. దీన్ని రూట్ కెనాల్ అంటారు. రెండు మూడు సార్లు తిరగాలి. పంటికి టోపీ లాగా క్యాపు వేయించుకోవాలి. ఖర్చు చాలా పెరుగుతుంది. ఆ డబ్బు లేక చాలామంది “పీకేయండి సార్” అంటారు. మొదట్లో ఒక్క పూటతో పోయే పని చివరికి పన్ను పీకేదాకా వస్తుంది. ఒక పన్ను పోతే పక్క పళ్ళు ఆ సందులోకి వాలుతాయి, నమలడం కష్టమవుతుంది.

నొప్పి పుట్టినప్పుడు లవంగం పెట్టుకుంటే కాసేపు తగ్గుతుంది. జబ్బు పోదు. పొగాకు, కిరసనాయిలు, నొప్పి మాత్ర పంటి మీద పెడితే చిగురు కాలిపోతుంది. పెట్టవద్దు.

దవడ వాచి, జ్వరం వచ్చి, నోరు తెరవలేక, మింగలేక పోతే తెల్లవారేదాకా ఆగవద్దు. చీము మెడలోకి దిగితే ప్రాణానికే ప్రమాదం. ఆ పూటే ఆసుపత్రికి పోవాలి.

డాక్టరు దగ్గర

అనంతపురం ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో పళ్ళ విభాగం ఉంది. కడపలో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. పొద్దున్నే పోయి ఓ.పి. చీటీ రాయించుకోవాలి. చీటీ మీద మీ పేరు, వయసు సరిగా రాసినారా? ఇప్పుడు మీరే చదివి చూసుకోండి. సంతలో కుర్చీ వేసుకుని పళ్ళు పీకేవాళ్ళ దగ్గరికి పోకండి. ఒకరి నోట్లో పెట్టిన పరికరాన్ని సరిగా ఉడికించకుండా ఇంకొకరి నోట్లో పెడితే పచ్చకామెర్ల లాంటి జబ్బులు అంటుకుంటాయి.

కుర్చీలో కూర్చున్న వెంటనే ఈ సంగతులు చెప్పండి. గర్భవతివా? షుగరు, బీపీ, గుండె జబ్బు ఉన్నాయా? ఏ మాత్రకైనా ఒళ్ళు దద్దుర్లు వచ్చినాయా? అడగకపోయినా చెప్పండి.

“కడుపుతో ఉన్నప్పుడు పంటికి చూపించుకోకూడదంట కదా?” అని అడుగుతారు. అది అపోహ. నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా వైద్యానికి అనువైన కాలం. నొప్పి, వాపు ఉంటే ఏ నెలలో అయినా చూపించుకోవాలి. గర్భవతులకు చిగుళ్ళ నుంచి రక్తం కారడం ఎక్కువ. దానికి భయపడి తోమడం మానేస్తే ఇంకా కారుతుంది.

“పై పన్ను పీకితే కన్ను పోతుంది” అని ఇంకో మాట. కంటి నరం వేరు, పంటి నరం వేరు. పన్ను పీకితే చూపు పోదు.

పీకే ముందు మొద్దుబారే సూది వేస్తారు. సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. తర్వాత పీకుతున్నప్పుడు లాగినట్టు తెలుస్తుంది గానీ నొప్పి తెలియదు. రెండు మూడు గంటలు పెదవి బరువుగా ఉంటుంది. ఆ సేపు ఏమీ నమలకండి, బుగ్గ కొరుక్కుంటారు. పెట్టిన దూదిని అరగంట, ముప్పావు గంట గట్టిగా కరిచి పట్టుకోండి. ఆ రోజంతా ఉమ్మకండి, పుక్కిలించకండి. ఉమ్మితే గడ్డకట్టిన రక్తం ఊడి మళ్ళీ కారుతుంది. చల్లారిన అంబలి తాగండి. మర్నాటి నుంచి గోరువెచ్చని ఉప్పునీళ్ళతో మెల్లగా పుక్కిలించండి. రక్తం ఆగకపోతే మళ్ళీ డాక్టరు దగ్గరికి పోండి. మాత్రలు ఎన్ని రోజులకు రాసిస్తే అన్ని రోజులూ వేసుకోండి.

తోముకోవడం గురించి నాలుగు మాటలు

పొద్దున తోముతాము. రాత్రి తోమము. నిజానికి రాత్రిదే ముఖ్యం. నిద్రలో ఉమ్మి తక్కువ ఊరుతుంది, క్రిములకు అడ్డు ఉండదు.

మెత్తటి బ్రష్షు మంచిది. వేపపుల్ల, కానుగపుల్ల కూడా చెడ్డవి కావు. కొసను బాగా నమిలి కుంచె లాగా చేసి మెల్లగా తోమాలి. కచ్చిక, బొగ్గు, ఇటుక, ఇసుక వద్దు.

“పేస్టులో ఫ్లోరైడ్ ఉందని డబ్బా మీద రాసి ఉంది టీచరమ్మా! అది కూడా విషమేనా?” మొన్న మొన్న చదవడం నేర్చుకున్న ఒక అక్క డబ్బా చదివి మరీ తెచ్చి అడిగింది. మంచి ప్రశ్న. ఫ్లోరైడ్ కొంచెంగా పంటికి పైపైన తగిలితే పన్ను గట్టిపడుతుంది, పుచ్చడం తగ్గుతుంది. ఎక్కువగా కడుపులోకి పోతేనే చెడుపు. కాబట్టి పేస్టు వాడవచ్చు, మింగకూడదు. మూడేళ్ళ లోపు పిల్లలకు బియ్యపు గింజంత, ఆరేళ్ళ దాకా బఠాణీ గింజంత పెట్టండి. దగ్గరుండి ఉమ్మించండి. బోరు నీళ్ళు తాగే ఊళ్ళో ఇది ఇంకా జాగ్రత్తగా చూడాలి.

ఆకు వక్క లేనిదే పేరంటం ఉండదు, నాకూ తెలుసు. కానీ వక్క ఒక్కటే నమిలినా నోటి క్యాన్సర్ రావచ్చు. పొగాకు కలిస్తే ముప్పు ఇంకా ఎక్కువ. శ్రీకాకుళం, విశాఖ వైపు కొందరు ఆడవాళ్ళు చుట్ట మండే కొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగుతారు. వాళ్ళకు అంగిట్లో క్యాన్సర్ వస్తుంది. మన వైపు నశ్యం చిగుళ్ళకు రాసుకునే వాళ్ళున్నారు. నోట్లో తెల్లటి లేదా ఎర్రటి మచ్చ ఉన్నా, పుండు రెండు వారాలకు మానకపోయినా, మూడు వేళ్ళు నిలువుగా పట్టేంత నోరు తెరుచుకోకపోయినా వెంటనే చూపించుకోండి. నొప్పి లేదని ఆగకండి.

అర్జీ రాద్దాం

మీ బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంతుందో తెలియాలంటే పరీక్ష చేయించాలి. గ్రామీణ నీటి సరఫరా శాఖ వాళ్ళ ప్రయోగశాలల్లో పరీక్ష చేస్తారు. ఊళ్ళోనే చూసుకునే చిన్న పెట్టె కూడా ఉంటుంది. నీళ్ళలో మందు చుక్కలు వేస్తే రంగు వస్తుంది. ఆ రంగును కార్డు మీది రంగులతో పోల్చి చూడాలి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో ఊరికి ఐదుగురు ఆడవాళ్ళకు ఈ పని నేర్పించాలని ఉంది. మీ ఊళ్ళో ఆ ఐదుగురు ఎవరు? పంచాయతీలో అడగండి.

నీళ్ళు పట్టేటప్పుడు గాజు సీసా వద్దు, శుభ్రమైన ప్లాస్టిక్ సీసా తీసుకోండి. బోరును ఐదు నిమిషాలు వదిలిపెట్టండి. అవే నీళ్ళతో సీసాను మూడుసార్లు కడిగి, నిండా పట్టి, మూత బిగించండి. సీసా మీద ఊరి పేరు, బోరు ఉన్న చోటు, తేదీ రాయండి.

ఈ కింది అర్జీని మీ నోటు పుస్తకంలో రాయండి. చుక్కలు ఉన్న చోట మీ ఊరి వివరాలు నింపండి. పది మంది సంతకాలు పెట్టండి. వేలిముద్ర వద్దు, సంతకమే. ఒక నకలు మీ దగ్గర ఉంచుకోండి. ఇచ్చినప్పుడు ఆ నకలు మీద తేదీ వేయించి, ముద్ర వేయించుకోండి.

తేదీ: ................

గౌరవనీయులైన పంచాయతీ కార్యదర్శి గారికి,
................ గ్రామ పంచాయతీ, ................ మండలం.

అయ్యా / అమ్మా,

మా ఊరిలో ................ దగ్గర ఉన్న బోరు నీళ్ళను మేము తాగడానికి, వంటకు వాడుతున్నాము. మా వీధిలో ........ మంది పిల్లల పళ్ళ మీద మచ్చలు ఉన్నాయి. ఈ నీళ్ళలో ఫ్లోరైడ్ ఎంత ఉందో పరీక్ష చేయించి, ఆ లెక్కను పంచాయతీ ఆఫీసు గోడ మీద అందరికీ కనపడేటట్టు రాయించవలసిందిగా కోరుతున్నాము. హద్దుకు మించి ఉంటే ఆ బోరు మీద ‘తాగరాదు’ అని ఎర్రరంగుతో రాయించాలి. అంగన్‌వాడీకి, బడికి, ఇళ్ళకు వేరే మంచినీళ్ళు ఏర్పాటు చేయాలి. కొళాయి రాని రోజుల్లో ట్యాంకరు పంపించాలి.

ఇట్లు,
................ వీధి మహిళలు

సంతకాలు:
1. ................
2. ................
3. ................